బ్లాక్ క్యాన్యన్: డేగలు ఖాళీ చేసేదాకా ఆగి ఎక్కిన గోడ

కొలరాడోలోని బ్లాక్ క్యాన్యన్ ఆఫ్ ది గన్నిసన్ అనే లోతైన లోయకి, దాని నిలువు రాతి గోడలు ఎక్కడానికి, మేం ఇద్దరం ఒకే ఏడాది రెండుసార్లు వెళ్ళాం, మేలో, సెప్టెంబర్‌లో. మొదటిసారి మే నెలలో, నార్త్ రిమ్ (లోయ ఉత్తరపు అంచు) రేంజర్ స్టేషన్ దగ్గర ఆ సీజన్‌లో మూసేసిన గోడల జాబితా చూస్తే, మేం చలికాలమంతా కూర్చుని ప్లాన్ చేసుకున్న గోడ అందులో ఉంది. డేగలు గుడ్లు పెట్టాయట. పార్క్ వెబ్‌సైట్లో ఆ విషయం ముందే ఉంది, మేమే చూడలేదు, కాబట్టి ఎవర్నీ తిట్టుకోవడానికి లేదు.

నాతో ఎక్కే మావాడు మాత్రం "పక్షికి అంత పెద్ద కొండ చాలదా, మన రూటే కావాలా?" అని అరగంట సణిగాడు. అక్కడి రేంజర్ విసుక్కోకుండా చెప్పారు. పెరిగ్రిన్ డేగ గూడు కట్టదు, గోడలో చిన్న అరుగు లాంటి చోటు చూసుకుని నేరుగా రాతి మీదే మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నెల రోజులు పొదగాలి, పిల్లలు ఎగరడానికి ఇంకో ఆరు వారాలు పడుతుంది. ఆ మధ్యలో మనిషి తాడుతో పైనుంచో కిందినుంచో వస్తే తల్లి ఎగిరిపోతుంది, గుడ్లు చల్లబడిపోతాయి. లేదంటే మన మీదికే దూసుకొస్తుంది, గంటకి మూడు వందల కిలోమీటర్ల పైన డైవ్ చేసే పక్షి అది. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పల్చబడి అమెరికాలో ఇవి దాదాపు కనుమరుగయ్యాయి. 1972లో డీడీటీని నిషేధించాక మెల్లగా కోలుకుని 1999లో అంతరించే జాతుల జాబితా నుంచి బయటపడ్డాయి. ఇది నేషనల్ పార్క్ అయిందీ అదే ఏడాది. ఇదంతా విన్నాక మావాడు కాసేపు నోరెత్తలేదు.

మూసేది పార్క్ మొత్తం కాదు, డేగలు గుడ్లు పెట్టిన గోడలే. అందుకని ఆ ట్రిప్‌లో మెయిడెన్ వాయేజ్ అనే రూట్ ఎక్కాం, కష్టం గ్రేడ్ 5.9, ఈ లోయకి కొత్తగా వచ్చేవాళ్ళు సాధారణంగా మొదలుపెట్టేది దాంతోనే. నిజానికి అదే మంచిదైంది. ఇక్కడ ముందు కిందికి దిగి తర్వాత పైకి ఎక్కాలి, అంటే సగంలో చేతులెత్తేస్తే ఇంటికి దారి మళ్ళీ పైకే. ఆ లెక్క ఒంటికి తెలియకుండా పెద్ద రూట్ మీదకి పోయి ఉంటే ఏమయ్యేదో.

బస సంగతి. మేలో ఉత్తరం వైపు ఒక చిన్న ఊళ్ళో క్యాబిన్ తీసుకున్నాం. రిమ్ పక్కనే అన్నట్టు ఫోటోలు పెట్టారు, తీరా చూస్తే చివర కంకర రోడ్డుతో కలిపి చాలాసేపే పట్టింది, పైగా రెండో రోజు వేడినీళ్ళు రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తినవాళ్ళు లేరు. తెల్లవారుజామున నాలుగింటికి గల్లీలోకి (లోయ అడుక్కి దిగే నిటారు రాతి సందు) దిగాల్సినవాళ్ళకి ఇది పనికిరాదు. సెప్టెంబర్‌లో నేరుగా నార్త్ రిమ్ క్యాంప్‌గ్రౌండ్‌లోనే టెంట్ వేశాం. మొత్తం 13 చోట్లే, రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవాళ్ళదే, అందుకే శుక్రవారం సాయంత్రం వచ్చి ఖాళీ దొరుకుతుందనుకోకండి, మేం బుధవారం చేరాం. స్నానాలు లేవు, టాయిలెట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నీళ్ళు ట్యాంకర్‌తో తెచ్చి పోస్తారు, వాటి మీద నమ్మకం పెట్టుకోకుండా మనవి మనం తెచ్చుకోవాలి. రాత్రి ఆకాశం గురించి చెప్పను, చూడాల్సిందే.

సౌత్ రిమ్ వైపు విజిటర్ సెంటర్, మంచి రోడ్డు, దగ్గర్లో మాంట్రోజ్ లాంటి పెద్ద ఊరు ఉన్నాయి, కుటుంబంతో చూడ్డానికి వెళ్తే అటే వెళ్ళండి. కానీ రెండు రిమ్‌ల మధ్య వంతెన లేదు, చాజ్మ్ వ్యూ దగ్గర ఎదుటి అంచు నాలుగు వందల మీటర్ల లోపే కనిపిస్తుంది, అక్కడికి కారులో రెండు మూడు గంటలు! సామాన్లన్నీ మాంట్రోజ్‌లోనే కొనుక్కుని అటునుంచి తిరిగి రావడం ఉత్తమం. వాహనానికి పార్క్ పాస్ 30 డాలర్లు, వారం పనిచేస్తుంది. లోయలోకి దిగడానికి పర్మిట్ ఉచితమే కానీ తప్పనిసరి.

ఇక సెప్టెంబర్‌లో, డేగలు ఖాళీ చేశాక ఎక్కిన మా అసలు రూట్, సీనిక్ క్రూజ్. నార్త్ చాజ్మ్ వ్యూ వాల్ అనే గోడ మీద, గ్రేడ్ 5.10డి, అంటే 5.9 కన్నా బాగా కష్టం, పదమూడు దాకా పిచ్‌లు (ఒక్కో తాడు పొడుగులో ఎక్కే భాగాలు). క్రూజ్ గల్లీలో హెడ్‌ల్యాంప్‌లతో దిగాం, రెండు చోట్ల తాడు మీద దిగాలి, మిగతాదంతా జారే రాళ్ళు, నడుం ఎత్తు పాయిజన్ ఐవీ, తగిలితే ఒంటి మీద బొబ్బలు లేపే మొక్క. ఫుల్ చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు వేసుకుని దిగి, గోడ కింద మార్చుకోవాలి.

పక్కనే ఉన్న క్రూజ్ అనే మూల రూట్‌లో ఒళ్ళంతా దూర్చి పాకాల్సిన వెడల్పు పగులుంది, సీనిక్ దాన్ని తప్పించి పక్క పగుళ్ళలోంచి పోతుంది. కింది పిచ్‌లలో పగుల్లో చెయ్యి పట్టుగా ఇరుక్కుంటుంది, కామ్ (పడితే ఆపడానికి పగుల్లో బిగించి తాడు తగిలించే పరికరం) ఎక్కడ పెట్టినా నిలుస్తుంది, హాయిగా ఉంటుంది. ఆ ధీమా పెగ్మటైట్ అనే పెళుసు రాయి దాకానే. నైస్ (gneiss) అనే నల్లటి రాతికి అడ్డంగా గులాబీ రంగు పట్టీ, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ పట్టుకుంటే పొడి రాలుతుంది, కామ్ పెట్టడానికి చోటు దొరకదు, పైగా అడ్డంగా నడవాలి. గ్రేడ్ ప్రకారం కష్టమైన చోటు అది కాదు, నాకు కాళ్ళు వణికింది మాత్రం అక్కడే. లీడ్ నాది, అంటే తాడు కట్టుకుని ముందు ఎక్కేది నేనే. వెనక నుంచి మావాడు "ఒరేయ్, కిందకి చూడకు, కాలు చూసుకో" అని అరుస్తున్నాడు, కాలు చూడాలంటే కిందకే చూడాలి కదా.

తర్వాత టైమ్ చాలా పోయింది, ఒక చోట పక్క పగుల్లోకి తప్పిపోయి మళ్ళీ వెనక్కొచ్చాం. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళాం, అవి మధ్యాహ్నానికే అయిపోయాయి, మూడు కావాలి. చివరి రెండు పిచ్‌లు మళ్ళీ హెడ్‌ల్యాంప్ వెలుగులోనే. అంచు మీదకి వచ్చి తాడు చుట్టుకుని కొన్ని నిమిషాలు నడిస్తే మా టెంటే, ఇంత పెద్ద గోడకి ఇంత సుఖమైన ముగింపు నేనెక్కడా చూడలేదు.

మూడో రోజు మావాడి ముంజేతుల మీద బొబ్బలు లేచాయి. ఐవీ తగిలిన ప్యాంటుని నా స్లీపింగ్ బ్యాగ్ మీదే మడిచి పెట్టాడని అప్పుడు తెలిసింది, నాలుగో రోజు నాకూ లేచాయి.