మైక్రోప్రాసెసర్ మోకాలు: ఏళ్ల తరబడి వాడాక

మోకాలికి పైన కాలు తీసివేసిన వారికి అమర్చే కీళ్లలో మైక్రోప్రాసెసర్ మోకాలు మీద ఉన్నన్ని ఆశలు మరి దేని మీదా ఉండవు. మామూలు యాంత్రిక మోకాలుతో కొన్నేళ్లు, దీనితో అంతకంటే ఎక్కువ కాలం నడిచిన నేను చెప్పగలిగేది ఒక్కటే: ఇది మనల్ని నడిపించదు, పడిపోకుండా కాస్తుంది. ఆటోబాక్ సంస్థ 1997లో తెచ్చిన సీ-లెగ్ నుంచి ఈ తరహా మోకాళ్లలో చాలావాటి పనితీరు దాదాపు ఒకటే. కీలు ఎంత వంగింది, కాలిపై ఎంత భారం పడింది అన్న సంగతిని సెన్సర్లు సెకనుకు పదుల సార్లు గమనిస్తుంటే, దాన్నిబట్టి హైడ్రాలిక్ సిలిండర్‌లో ద్రవం పారే దారిని మైక్రోప్రాసెసర్ బిగిస్తూ, వదులుతూ ఉంటుంది; దాంతో కీలు గట్టిపడుతూ, సడలుతూ ఉంటుంది. కాలిని ముందుకు తోసే మోటారు వీటిలో ఉండదు కనుక మెట్లు ఎక్కడం, కుర్చీలోంచి లేవడం మునుపటంత కష్టంగానే ఉంటాయి.

తేడా అంతా దిగేటప్పుడే. యాంత్రిక మోకాలుతో ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ కలిపి దిగిన నేను, ఇప్పుడు వంగుతున్న కృత్రిమ కాలి మీదే బరువు మోపి, అది నెమ్మదిగా లొంగుతుండగా ఒక్కో మెట్టుకు ఒక్కో అడుగు చొప్పున దిగుతున్నాను. అయితే కీలును నమ్మి బరువు వదలడం ఫిజియోథెరపిస్టు పక్కన నిలబడి నేర్పితే తప్ప వచ్చే విద్య కాదు. పాదం దేనికైనా తగిలి తడబడినప్పుడు కీలు ఒక్కసారిగా మడుచుకుపోకుండా నిలుస్తుంది. దీనివల్ల కలిగిన అసలు మేలు ఏ ప్రకటనలోనూ కనబడదు: చూపు నేల మీంచి లేచింది, పక్కవారితో మాట్లాడుతూ నడవడం సాధ్యమైంది.

బరువు ఎక్కువే, రోజూ ఛార్జింగ్ పెట్టాలి. వీటికి అలవాటు పడవచ్చు. అలవాటు పడలేనిది సాకెట్, అంటే తొడలో మిగిలిన భాగాన్ని దూర్చి కృత్రిమ కాలిని తగిలించుకునే తొడుగు. తొడలో మిగిలిన భాగం పొద్దున ఉన్న పరిమాణంలో సాయంత్రానికి ఉండదు. సాకెట్ వదులైతే మధ్యలో ఆగి ఆ తొడ భాగానికి అదనపు మేజోడు తొడుక్కోవలసిందే, ఎందుకంటే ఎంత తెలివైన సెన్సరుకైనా చర్మం ఒరుసుకుపోతున్న సంగతి తెలియదు. నా దృష్టిలో డబ్బు, ఓపిక ముందుగా సాకెట్ మీదే పెట్టాలి. అది కుదరని కాలికి ఈ మోకాలు తగిలించడం వృథా ఖర్చు.

కొనేవారు మరొకటి గమనించాలి. సర్వీసింగ్‌కు పంపినప్పుడు బదులు మోకాలు ఇస్తారో లేదో ఒప్పందంలో ముందే రాయించుకోవాలి, పాత యాంత్రిక కాలును మాత్రం పారేయకూడదు.