హై ఫ్లో మెషీన్: ముందు సిలిండర్ లెక్క చూసుకోండి

కరోనా రెండో వేవ్‌లో మా వైపు నర్సింగ్‌హోములు హై ఫ్లో నేసల్ ఆక్సిజన్ మెషీన్లు (ముక్కు గొట్టంలోంచి ఆక్సిజన్‌ని జోరుగా పంపేవి) తెగ కొన్నాయి. ఇప్పుడవి మూలన పడున్నాయి. నేను మత్తు డాక్టర్‌ని, రోజుకి మూడు నాలుగు ఆస్పత్రులు తిరుగుతాను. ఒకచోట ఆ మెషీన్ దుమ్ము దులిపించి సిజేరియన్ థియేటర్‌లో పెట్టించాను. ఏడాదైంది.

బరువున్న గర్భిణికి ఫుల్ మత్తు ఇవ్వాల్సి వస్తే మా పని నిమిషాల మీద కాదు, సెకన్ల మీద నడుస్తుంది. నిండు కడుపు, దాని మీద కొవ్వు, రెండూ ఊపిరితిత్తుల్ని పైకి నెడతాయి. లోపల నిల్వ ఉండే ఆక్సిజన్ తక్కువ, ఖర్చు ఎక్కువ. మందు పడి ఊపిరి ఆగితే గొంతులోంచి శ్వాసనాళంలోకి ట్యూబు వేసేలోపే శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, జారిపోతుంది. మానిటర్ బీప్ శ్రుతి దిగుతుంటే చూడాలి మా టెన్షన్.

మొన్న శ్రావణంలో వచ్చినావిడ 108 కిలోలు. ప్లేట్‌లెట్లు 40 వేలు, రక్తస్రావం భయం, వెన్నులో సూది గుచ్చి మత్తు ఇచ్చే వీల్లేదు. మొదటిసారి ట్యూబు పడలేదు, రెండోసారి పడింది. ఆపాటికీ శాచురేషన్ 96 దగ్గరే ఉంది. ఊపిరి ఆగినా ముక్కులోంచి నిమిషానికి 60 లీటర్ల వెచ్చని, తడి ఆక్సిజన్ పోతూనే ఉంది మరి. అందుకు మెషీన్‌కి మార్కులు వేయాల్సిందే.

మొత్తం మార్కులు మాత్రం వేయను. మత్తు మందుకి ముందు మూడు నిమిషాలు ఆక్సిజన్ పీల్పించి ఊపిరితిత్తులు నింపుతాం. మొదట్లో ఇది ఉంటే దానికి మాస్క్ అక్కర్లేదనుకున్నాను. ఒకావిడ భయంతో నోరు తెరిచే ఊపిరి తీస్తోంది. మూడు నిమిషాలయ్యాక మాస్క్ పెట్టి వదిలే గాలిలో ఆక్సిజన్ చూస్తే 78 శాతం. కావాల్సింది 90. "నోరు మూసుకోమ్మా" అంటే ఎంతసేపు మూస్తుంది? మళ్లీ మాస్క్ బిగించి పట్టుకుంటే 90 దాటింది. అప్పట్నుంచి మూడు నిమిషాలూ మాస్కే. ముక్కు గొట్టం నుదుటి మీద సిద్ధంగా ఉంటుంది, మాస్క్ తీయగానే కిందికి లాగుతాను.

ఇంకో తంటా, ఆక్సిజన్ తాగేయడం. చిన్న బి టైప్ సిలిండర్‌లో ఉండేది 1500 లీటర్లు. 60 చొప్పున పాతిక నిమిషాల్లో ఖాళీ. ఏడు వేల లీటర్ల పెద్ద సిలిండరైనా రెండు గంటలు రాదు. అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు. పైగా మెషీన్ వేడెక్కడానికి టైమ్ తీసుకుంటుంది. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందని పరుగున తెచ్చిన కేసులో దాని కోసం ఎవరాగుతారు? అప్పుడు మామూలు నేసల్ ప్రాంగ్స్‌తో (ముక్కులో పెట్టే సన్న గొట్టాలు) నిమిషానికి 15 లీటర్లు పెట్టి కానిచ్చేస్తాను.

పైప్‌లైన్ ఆక్సిజన్ ఉన్న థియేటర్‌కి ఐదుకి మూడున్నర. సిలిండర్ల మీద నడిచేచోట ఒకటి. ఐదుకి ఐదు మాత్రం మా థియేటర్ దుప్పట్లకే. భుజాల కింద, తల కింద మడతలు పేర్చి, చెవి రంధ్రమూ రొమ్ము ఎముక పై గుంటా ఒకే ఎత్తుకి తెస్తే ట్యూబు దారి తేలిగ్గా కనిపిస్తుంది. "లావు కేసు" అని ఫోన్లో చెప్తే చాలు, నేను వెళ్లేసరికి మా సిస్టర్ ఆరు దుప్పట్లు మడిచి పెడుతుంది. మెషీన్ ఆన్ చేయడమే మర్చిపోతుంది.