నెలనెలా కట్ అయ్యే విరాళం: నాలుగేళ్ల తర్వాత

కాజీపేటలో మా పక్కింటి బాబుకు తలసేమియా అనే రక్తం జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించినకొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, దాన్ని దించే మందులు రోజూ వాడాలి. వాడిని చూశాకే, అలాంటి పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థకు నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టాను. హనుమకొండలో వాళ్లు పెట్టిన క్యాంపులోనే బ్యాంకు మాండేట్ ఫారం మీద, అంటే నా ఖాతా నుంచి నెలనెలా డబ్బు తీసుకోవడానికి అనుమతిచ్చే కాగితం మీద, సంతకం చేశాను. ప్రతి నెలా 5న డబ్బు దానంతటదే వెళ్లిపోయేది.

మొదటి రెండేళ్లు ఎంత నచ్చిందంటే, స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను: "ఒక్కసారి సంతకం పెట్టి మర్చిపోండి." ఇద్దరు చేరారు కూడా. ఆ మాటలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. మర్చిపోవడం దగ్గరే దెబ్బ తిన్నాను.

నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. ఎండాకాలం సెలవుల్లో జీతం ఎప్పుడు పడుతుందో చెప్పలేం. పోయినేడాది మే నెలలో 5 నాటికి ఖాతాలో 300 ఉన్నాయి. మాండేట్ తిరిగొచ్చింది. రెండు రోజులకు మళ్లీ పెట్టారు, మళ్లీ తిరిగొచ్చింది. జీతం పడ్డది 11న. పడీ పడగానే, మాండేట్ తిరిగొచ్చినందుకు బ్యాంకు ఒక్కోసారికి 250, దాని మీద జీఎస్టీ 45, మొత్తం రెండుసార్లకు కలిపి 590 పట్టుకుంది. ఇవ్వాలనుకున్నది 500, పోయింది 590, పిల్లలకు చేరింది సున్నా. బ్రాంచికి వెళ్లి అడిగితే "సిస్టమే కట్ చేస్తది సార్, మా చేతుల ఏం లేదు" అన్నారు. ఆ రోజు నాకు నిజంగా కడుపు మండింది. అది ఆ బాబు మందుల డబ్బు.

సంస్థలో ఫోనెత్తిన అమ్మాయి మాత్రం ఓపిగ్గా విన్నది. తేదీ మార్చాలంటే కొత్త ఫారం, మళ్లీ సంతకం సరిచూడటం, ఇదంతా ఎందుకని, ఫోన్ యాప్‌లోంచే నెలనెలా కట్ అయ్యే యూపీఐ ఆటోపేకు మారమన్నది. మారాను, తేదీ 12 పెట్టుకున్నాను. డబ్బు కట్ అయ్యేందుకు ఒకరోజు ముందే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. నాకు కావలసింది ఈ ఒక్క మెసేజే. వద్దనుకుంటే యాప్‌లోనే ఆపేయొచ్చు. పాత మాండేట్‌ను రద్దు చేయించాకే ఇది పెట్టాను, లేకుంటే రెండూ కట్ అవుతాయి.

విరాళాల డబ్బాలో వేయడం, క్యూఆర్ కొట్టడం కూడా చేశాను. చేతిలో ఉన్నప్పుడు ఇస్తాం, లేనప్పుడు గుర్తుండదు. విరాళం మీద పన్ను మినహాయింపు చూసుకునేవాళ్లు 2,000 దాటి నగదు ఇవ్వొద్దు, ఆ మినహాయింపు రాదు. బ్యాంకు ద్వారా ఇచ్చి, పాన్ సరిగ్గా రాయించి, ఏడాది అయ్యాక సంస్థ దగ్గర విరాళం సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను, నాకు ఆ లాభం ఎలాగూ లేదు.

ఒకటో తారీఖున జీతం పడే సర్కారు ఉద్యోగులకైతే పాత మాండేట్ కూడా బాగానే నడుస్తుందేమో. మా స్టాఫ్ రూంలో చేరిన ఇద్దరికి మాత్రం తేదీ మార్చుకోమని నేనే చెప్పాను.

ఈ మేలో 11న మెసేజ్ వచ్చేసరికి జీతం ఇంకా పడలేదు. మా ఆవిడ ఖాతా నుంచి 500 వేయించుకున్నాను. 12న పొద్దున్నే కట్ అయింది.