పాత లారీ ఇంటేక్ మానిఫోల్డు: అతికించడమా, స్క్రాపు పీసా, కొత్తదా?

డీజిల్ లారీకి ఇంటేక్ మానిఫోల్డు (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) పగిలినా బండి ఆగదు. చిక్కంతా అక్కడే ఉంది. పెట్రోలు ఇంజనైతే గాలి లీకు పట్టగానే ఐడ్లింగు చెడి గోల పెడుతుంది. డీజిల్‌కు గాలి ఏ సందులోంచి వచ్చినా చాలు, మండిపోతుంది. కానీ ఆ సందు ఎయిర్ క్లీనర్ దాటాక ఉంటుంది కాబట్టి వడకట్టని గాలి నేరుగా సిలిండర్ లైనర్లలోకి పోతుంది. చీమకుర్తి క్వారీల రోడ్ల మీద తిరిగే బండైతే పిస్టన్ రింగులకు రాతిపొడి మేపినట్టే. ఆయిలు తాగుతోందని ఇంజన్ దించేదాకా అసలు దొంగ దొరకడు.

అందుకే మూడు దారుల్లో ఏది మేలో ధర చూసి తేల్చేది కాదు. సిలిండర్ హెడ్డుకు ఆనుకునే ఫ్లాంజి (బిగించే అంచు) ముఖాలు చదునుగా ఉన్నాయా, లోపల శుభ్రంగా ఉందా అన్నవే లెక్క.

అతికించడం చవక, దొరకని మోడళ్లకు తప్పనిసరి కూడా. పగులు గొట్టం పొట్ట మీద ఉంటే అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగ్ బాగానే నిలుస్తుంది. పగులు రెండు కొసల దగ్గరా 3 మి.మీ. బెజ్జం వేసి, గీతను వి ఆకారంలో తొలిచి, ముక్కను ముందే వేడి చేసి లోహం పీల్చుకున్న ఆయిలును బయటికి రప్పించాలి. లేకపోతే వెల్డు నిండా బుడగలే. మానిఫోల్డును మందపాటి ఇనుప పలకకు బోల్టులతో బిగించి వెల్డు చెయ్యాలి, వట్టిగా చేస్తే వంకర పోతుంది. పగులు ఫ్లాంజి మీదో స్టడ్ (హెడ్డులో నాటిన బోల్టు) బెజ్జం పక్కనో ఉంటే మాత్రం ఆశ వదులుకోవడం నయం. రొయ్యల ఐసు నీళ్లు కారుతూ కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు తిరిగిన బండ్లకు ఇంకో రోగం: ఉప్పు తిని ఫ్లాంజి మీద తెల్లపొడి, గుంటలు. వాటిని ఎపాక్సీ ముద్దతో పూడ్చి పైన ప్యాకింగ్ (రెండు ముఖాల మధ్య పెట్టే గాస్కెట్టు) వేస్తే వేడికి అది ఊడి సిలిండర్లోకి పోతుంది.

కొత్త కాపీ మానిఫోల్డు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాని గుట్టు లోపల. మూసలో పోసిన ఇసుక గోడలకు కరుచుకుని ఉంటుంది, ఇంజన్ అదురుకు రాలి రింగుల్ని తినేస్తుంది. చెక్క సుత్తితో చుట్టూ తట్టి, తీగ బ్రష్ దూర్చి, కిరసనాయిలుతో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టి తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు గరుకు తగలనంతవరకూ మళ్లీ మళ్లీ ఇదే పని. రెండో తగులు పోర్టులు (గాలి పోయే రంధ్రాలు) కలవకపోవడం. ప్యాకింగును హెడ్డు మీద పెట్టి ఒకసారి, మానిఫోల్డు మీద పెట్టి ఒకసారి చూడండి, రంధ్రంలోకి ఎక్కడా పొడుచుకు రాకూడదు. స్టడ్ బెజ్జాన్ని గుండ్రాకురాయితో ఒక మిల్లీమీటరు జరపొచ్చు. అంతకు మించి తేడా ఉంటే షాపులో తిరిగిచ్చెయ్యడమే.

స్క్రాపులో దొరికే అసలు పీసే మా మొదటి మాట, అదే ఇంజన్‌దైతే. పాత టాటా 1210 లారీకి కొనేటప్పుడు మోడల్ పేరు నమ్మక, పాతదాని పక్కన పెట్టి పోర్టుల దూరం, స్టడ్ల దూరం కొలవండి. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన పోత ఇక వంగే వంపు ఎప్పుడో వంగేసి ఉంటుంది. ఒకసారి ఫేసింగ్ చేస్తే (ముఖం కోసి చదును చేస్తే) అలాగే నిలుస్తుంది. నెల్లూరు ఆటోనగర్‌కు ఉక్కు స్కేలు, ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న రేకులు) జేబులో పెట్టుకుని వెళ్ళండి. అన్ని ఫ్లాంజిల మీదా స్కేలు నిలబెట్టి కింద గేజి దూర్చండి. 0.10 మి.మీ. దూరకపోతే అలాగే వాడొచ్చు. 0.20 దాటితే ఫేసింగ్ తప్పదు. ఫ్లాంజిలన్నీ ఒకే బిగింపులో, ఒకే కోతలో చదును చెయ్యాలి. విడివిడిగా ఆకురాయి పెడితే ఒక్కోటి ఒక్కో ఎత్తుకు వస్తుంది.

ఏది తెచ్చినా బిగించే తీరు ఒకటే. పాత ప్యాకింగ్ గీకే ముందు పోర్టుల్లో గుడ్డలు కుక్కి, ఎన్ని కుక్కారో లెక్క రాసుకోండి. స్టడ్ చేతికి వదులుగా తిరిగితే, హెడ్డులో మర చచ్చిపోయి ఉంటే, ఇప్పుడే సరిచెయ్యాలి. ప్యాకింగ్ పొడిగా వేస్తే చాలు. సిలికాన్ పూస్తే లోపలికి ఉబికిన ముక్క తెగి వాల్వు కింద పడుతుంది. ముందు నట్లన్నీ చేత్తో ఎక్కించి, మధ్య నుంచి రెండు కొసలకూ పోతూ మూడు విడతల్లో బిగించండి. పుస్తకంలో వేరే లెక్క లేకపోతే 13 నంబర్ పానా పట్టే 8 మి.మీ. స్టడ్‌కు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. పానాకు పైపు తొడిగి లాగొద్దు. అల్యూమినియం ఇనుముకు రెట్టింపు సాగుతుంది: 70 సెం.మీ. మానిఫోల్డు 50 డిగ్రీలు వేడెక్కితే ఇనుప హెడ్డు కంటే దాదాపు 0.4 మి.మీ. ఎక్కువ జరగాలి. జరగనివ్వకపోతే స్టడ్ పట్టే చెవి దగ్గర చిట్లుతుంది. పెట్రోలు ఇంజన్లలో ఇంటేక్, ఎగ్జాస్టు ఒకదానికొకటి బోల్టులతో కలిసుంటే ఆ బోల్టులు వదులుగా ఉంచి, ముందు హెడ్డు నట్లు బిగించాలి.

మానిఫోల్డు గొంతులోంచి సన్నపైపు డీజిల్ పంపు వెనక్కి వెళుతోందేమో చూడండి. వెళితే అది వాక్యూమ్ గవర్నరు, అంటే గాలి పీల్పుతో ఇంజన్ వేగాన్ని అదుపు చేసేది. ఇలాంటి ఇంజన్లో అతికించిన మానిఫోల్డు అసలు వద్దు. లీకుతో వాక్యూమ్ తగ్గితే తోలు డయాఫ్రమ్ (పొర) డీజిల్ కొలత మార్చే ర్యాకు కడ్డీని వెనక్కి లాగలేదు, డీజిల్ తగ్గదు, ఐడ్లింగు ఊగి, లీకు పెద్దదైతే ఇంజన్ పరుగు లంకించుకుంటుంది. మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ఇంజన్ అదుపు తప్పితే గాలి గొంతు మూసి ఆపడానికి ఒక చెక్క పలక చేతిలో ఉంచుకోండి. మార్కాపురం పలక కాదు, పగులుతుంది. గోనెసంచి అసలే వద్దు, లోపలికి లాగేసుకుంటుంది.

ఒంగోలు, నెల్లూరు మధ్య ఓ ట్రిప్పు వెళ్ళొచ్చాక, పూర్తిగా చల్లారనిచ్చి, నట్లు మళ్లీ అదే టార్కుకు చూడాలి. నెల తర్వాత ఎయిర్ క్లీనర్ గొట్టం విప్పి మానిఫోల్డు లోపల వేలు పెట్టి తుడవండి. ఆయిలు జిడ్డు ఉంటే ఫరవాలేదు, వేలికి బూడిదరంగు పొడి అంటితే ముందు గొట్టం క్లాంపు, తర్వాత ఫ్లాంజిలు వెతకండి.