టీవీ తెర తుడిచే కిట్: పనికొచ్చింది గుడ్డ ఒక్కటే

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక దుకాణంలో 249 రూపాయలకు కొన్న టీవీ తెర శుభ్రపరిచే కిట్‌ను నెల రోజులుగా వాడుతున్నాను. అందులో 100 మిల్లీలీటర్ల ద్రవం సీసా, ఒక మైక్రోఫైబర్ గుడ్డ, ఒక చిన్న బ్రష్ ఉన్నాయి. పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది గుడ్డ ఒక్కటే.

ఇది కొనడానికి కారణం నా పొరపాటే. నిరుడు బతుకమ్మ పండుగకు ఇల్లు దులుపుతూ, కిటికీ అద్దాలకు వాడే నీలం ద్రవాన్నే టీవీకీ కొట్టి, పాత బనియను ముక్కతో గట్టిగా రుద్దాను. వెనకటి డబ్బా టీవీకి ముందున్నది గాజు కాబట్టి అది చెల్లింది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల్లో చాలావాటికి పైన ఉండేది ప్లాస్టిక్ పొర, దాని మీద వెలుతురు మెరవకుండా వేసిన పలుచని పూత. అమ్మోనియా, ఆల్కహాల్, అసిటోన్ వంటివి తగిలితే ఆ పూత దెబ్బతింటుంది. మా టీవీకి కుడివైపున అరచేయంత మేర మజ్జిగ ఒలికి ఆరినట్టు మసకబారింది; ఆపి ఉన్నప్పుడు పక్కనుంచి చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక కిట్ సంగతి. సీసా మీది బొమ్మలో ద్రవాన్ని నేరుగా తెర మీదికే కొడుతున్నట్టు చూపించారు, ఇది నాకు అస్సలు నచ్చలేదు. తెర మీద పడిన చుక్కలు జారి కింది అంచులో నుంచి లోపలికి దిగితే, అక్కడి సన్నని సర్క్యూట్లు తడిసి తెర మీద గీతలు పడవచ్చు. తడి ఎప్పుడూ గుడ్డకే చేయాలి. పైగా ద్రవంలో ఏమేం కలిపారో సీసా మీద ఎక్కడా రాయలేదు. అందుకే మొదట కింది మూలన కొద్దిగా తుడిచి, ఒక రోజు ఆగి చూశాను.

మా హాల్లో దేవుడి గూడు పక్కనే టీవీ ఉంటుంది కాబట్టి అగరుబత్తి పొగ, వంటింటి పోపు పొగ కలిసి తెర మీద జిడ్డు పొరలా పేరుకుంటాయి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, తెర చల్లబడ్డాక, ముందుగా పొడి గుడ్డతో నొక్కకుండా దుమ్ము తీశాను; ఇసుక రేణువు ఒక్కటి గుడ్డ కింద నలిగినా గీత పడుతుంది. తర్వాత ఎడమ సగాన్ని కిట్ ద్రవంతో, కుడి సగాన్ని ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో, గుడ్డను గట్టిగా పిండి తుడిచాను. కుడివైపు పాత మసక తప్ప, కిటికీ వెలుతురులో ఎంత వంగి చూసినా రెండు సగాలకూ తేడా కనిపించలేదు. మా బోరు నీళ్లు మాత్రం వాడలేదు. స్టీలు గిన్నెల మీదే తెల్ల మరకలు వదిలే నీళ్లవి.

గుడ్డ మెత్తగా, దళసరిగా ఉంది, జిడ్డును బాగా పట్టింది, నూగు వదల్లేదు. మూడుసార్లు ఉతికినా అలాగే ఉంది, అయితే బట్టలకు వేసే కండిషనర్ ఇందులో వేయకూడదు, దాని జిడ్డు మళ్లీ తెరకు అంటుతుంది. కుట్టిన అంచు కొంచెం గరుకు, అందుకని దాన్ని లోపలికి మడిచి పట్టుకుంటాను. బ్రష్ వెంట్రుకలు బిరుసు. వెనకవైపు గాలి రంధ్రాల దుమ్ముకు సరే, తెర దగ్గరికి తేవద్దు.

అదే దుకాణంలో ఇలాంటి గుడ్డలు విడిగా రెండు 120 రూపాయలకు ఇస్తున్నారు. ఈసారి అవే తెచ్చుకుంటాను.