నాలుగు నల్ల మూకుళ్లు: తొమ్మిదేళ్లు వాడాక

మా వంటింట్లో నల్లటి మూకుళ్లు నాలుగున్నాయి. దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. మొదట్లో ఏది ఏదో చూసుకోకుండా ఒకే స్టీలు పీచుతో తోమేసేదాన్ని. ఇనుముదే కదా అనుకుని ఒకదాన్ని గట్టిగా రుద్దితే నలుపు కింద అల్యూమినియం తెల్లగా మెరిసింది. అది నాన్‌స్టిక్!

అప్పట్నుంచీ ఏది కొన్నా ముందు అయస్కాంతం తీస్తాను. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ చాలు. పోత ఇనుము, కార్బన్ స్టీలు గభాల్న పట్టేస్తాయి. హార్డ్ అనోడైజ్డ్ (అంటే పైపొరని గట్టిపరిచిన అల్యూమినియం), నాన్‌స్టిక్ సాధారణంగా పట్టవు, లోపలున్నది అల్యూమినియమే కాబట్టి. ఇండక్షన్ కోసం అడుగున స్టీలు బిళ్ల అతికించినవి మోసం చేస్తాయి, అందుకే పక్క గోడకీ ఆనించి చూడాలి. హార్డ్ అనోడైజ్డ్‌కీ నాన్‌స్టిక్‌కీ తేడా తెలియాలంటే చల్లటి మూకుట్లో నీటిచుక్క వెయ్యండి. నాన్‌స్టిక్ పూత మీద ముత్యంలా దొర్లుతుంది. దీన్ని మాత్రం ఖాళీగా మంట మీద వదిలెయ్యకండి, 260 డిగ్రీలు దాటితే పూత పాడవడం మొదలవుతుంది.

ఇనుము రకాలు రెండూ బరువుతోనే తెలిసిపోతాయి. పోత ఇనుములో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, అందుకే పెళుసు, గోడ మందంగా పోస్తారు. నాది ఓసారి సింకులో జారి ఒక చెవి విరిగింది. విరిగిన చోట బూడిదరంగులో గరుకుగా, గింజలు గింజలుగా ఉంది. కార్బన్ స్టీలుదైతే సొట్టతో బయటపడేది. అది రేకుని వంచి చేసింది, పల్చన, చెవులు రివెట్లతో బిగించి ఉంటాయి.

మామూలు స్టీలు గిన్నెల దగ్గర మాత్రం అయస్కాంతాన్ని గుడ్డిగా నమ్మొద్దు. పడితే నకిలీ అనేది వట్టిమాట. నికెల్ కలిసిన 304 రకం పెద్దగా పట్టదు, నికెల్ లేని 430 పడుతుంది, రెండూ స్టెయిన్‌లెస్సే. నేను చూసేది అంచు. మా ట్రైప్లై (మూడు పొరల) గిన్నె అంచులో రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం గీత కనిపిస్తుంది. అడుగున మాత్రమే బిళ్ల ఉన్నదాంట్లో మంట బిళ్ల దాటిందంటే చుట్టూ మాడుతుంది. స్టీల్లో వేడి అల్యూమినియంతో పోలిస్తే దాదాపు పదిహేనో వంతే పాకుతుంది మరి.

ఇన్ని ఉన్నా రోజూ పొయ్యెక్కేది ఆ చెవి విరిగిన మూకుడే. ఒక పక్క చెవి, రెండో పక్క పట్టకారు పట్టుకుని దించుతున్నాను.