ఆయిల్ లీకు ఎక్కడ: టాల్కమ్ పౌడరా, యూవీ డైయా?

పాత బోటు ఇంజిన్ సాధారణంగా వెనక్కి కాస్త వాలి ఉంటుంది. అందుకే రాకర్ కవర్ (ఇంజిన్ పై మూత) దగ్గర కారిన ఆయిల్ కూడా బ్లాకు వెంట జారి బెల్ హౌసింగ్ (ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ కలిసే చోటి డొప్ప) కింద చుక్కలు కడుతుంది. వెనక మెయిన్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన ఆయిల్ ఆపే సీలు) పోయిందనుకుని ఇంజిన్ దించేస్తారు, అనవసరంగా.

పౌడర్ పద్ధతి చవక. డీగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రావకంతో) కడిగి, పూర్తిగా ఆరాక అనుమానమున్న అతుకుల మీద పలచగా చల్లి, ఇంజిన్ వేడెక్కేదాకా నడపాలి. తడి గీత పైకొస ఎక్కడుందో లీకు అక్కడే. గాలి ఫిల్టర్, ఆల్టర్నేటర్, బెల్టుల దగ్గర చల్లకండి. బయటికి కనిపించే కవర్లకు ఇది చాలు. ఇంజిన్ వెనక, కింద మాత్రం చేయి దూరదు, చల్లినా గాలికి ఎగిరిపోతుంది.

అక్కడ డైదే పైచేయి. ఇది యూవీ వెలుగులో మెరిసే రంగు. ఆయిల్‌కు సరిపడే డైని ఇంజిన్ ఆయిల్‌లో కలపాలి, మామూలుగా నాలుగైదు లీటర్లకు 30 మిల్లీలీటర్లు (సీసా మీద ఉన్న కొలతే ప్రమాణం). లోడు మీద నడిపి, ఆపాక, చీకటిలో యూవీ టార్చి, పసుపు కళ్లద్దాలతో పై నుంచి కిందికి చూడాలి. రోజుకో చుక్క కారే లీకైతే కొన్ని గంటలు నడిపాక మళ్లీ చూడాలి. పాత జిడ్డు తుడవకపోతే కొత్త ఆయిల్ దాని మీద పాకి దారి తప్పిస్తుంది.

రెండిట్లో ఏదైనా, ముందు క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి, వాయువులు బయటికి పోయే దారి) చూడండి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడికి మంచి సీళ్లూ కారతాయి. ఇక కార్క్ గాస్కెట్ కారుతోందని బోల్టులు ఇంకా బిగిస్తే అది నలిగి చీలిపోతుంది, కవర్ అంచూ వంగుతుంది. అంచు తిన్నగా చేసి, కొత్త గాస్కెట్ వేసి, మాన్యువల్‌లోని టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించాలి.